చివరి గడి

జిల్లా కేంద్రం పంపిన పట్టికలో
మా ఊరికి దక్కింది నూట నాలుగు వరసలు.
గుర్రం, ఒంటె, ఆవు, గొర్రె, మేక.
ఆరో నిలువు గడి మొత్తానిది,
దాని మీద చెయ్యి వేస్తే తాళం గుర్తు.

గోబీ అంచున మార్చి నెల.
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు.
బొగ్గు పొయ్యి పక్కకి జరిగితేనే
వేళ్ళు మీటల మాట వింటాయి.
గడ్డి మీద మంచు పెంకు కట్టిన ఈ చలికాలం
ఎన్నిటిని తీసుకుపోయిందో
శుక్రవారంలోగా ఎక్కించాలట.

పదకొండేళ్ళుగా ఇదే పని.
గడుల గుణాలన్నీ నాకు తెలుసు.
మూడో అయిదో మేకలుంటాయని ఎవరో అంటే
3-5 అని కొట్టానా,
దాన్ని మార్చి అయిదో తారీకు చేసి కూర్చుంటుంది.
కుటుంబం నంబరు 0072 అంటే
ముందున్న సున్నలు రెండూ మింగేసి
ఏమీ ఎరగనట్టు 72 చూపిస్తుంది.
ముందే టెక్స్ట్ అని చెప్పి బుజ్జగించాలి.
గడి ఇరుకైతే అంకె బదులు కంచె వేస్తుంది:
#######
మా అమ్మ ఓసారి తొంగిచూసి అడిగింది,
ఈ దొడ్లు ఎవరివే అని.

తలుపు తెరుచుకుంది.
చలి ముందు, లువ్సందాగ్వ వెనక.
ఉప్పు వేసిన పాల టీ చేతికిచ్చి అడిగాను,
గుర్రాలు ఎన్ని మిగిలాయి బాబాయ్?

"మైలది పోయింది.
నొసట చుక్కున్న కర్రిది, దాని పిల్లా, ఒకే రాత్రి.
బొల్లి మొహంది నిలబడే పోయింది.
తోసి చూశాను. కదల్లేదు."
ఎన్ని బాబాయ్?
"చెప్తున్నాగా.
కపిల రంగువి రెండు. అందులో ఒకటి కుంటిది,
నా పెళ్ళికి నేను ఎక్కిన దాని మనవరాలు..."

ఆయన లెక్క ఆయనది.
బల్ల కింద నేను వేళ్ళు మడుస్తున్నాను.
ఇరవై మూడు.
డిసెంబరులో ఆయనకు ఉన్నవీ ఇరవై మూడే.

సున్న కొట్టాను.
గడి ఎర్రబడింది.
సున్న వస్తే ఎర్రబడాలని
జిల్లావాళ్ళు దానికి ముందే నేర్పి పంపారు.

"సిగ్గుపడుతోందా?" అన్నాడు.
తరవాత అన్నాడు, "తీసెయ్యమ్మా. ఖాళీగా వదిలెయ్."
ఖాళీ అంటే ఎవరూ అడగలేదని బాబాయ్.
సున్న అంటే అడిగారని, చూశారని, లేవని.
ఆయన కాసేపు పొయ్యిని చూశాడు.
"మరి ఆ బడి టీచరమ్మ?
జన్మలో కళ్ళెం పట్టుకోలేదు. ఆమె వరసలో ఏముంది?"
సున్నే.
"అయితే ఆమే నేనూ ఒకటేనా?"

హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న.
కూడినా, తీసేసినా.
పదకొండేళ్ళ అనుభవం నా నోట్లో
గడ్డకట్టింది.
ఆయన టీ పూర్తిచేసి, కప్పు బోర్లించి,
గొర్రెలూ మేకలూ మాత్రం టకటకా అంకెల్లో చెప్పి
వెళ్ళిపోయాడు.

రాత్రి అందరూ పోయాక
అచ్చుకు అందని కుడివైపు దూరంగా వెళ్ళి,
ఆయన వరసలోనే,
గడికొకటిగా కొట్టాను:
మైలది. చుక్క కర్రిది. దాని పిల్ల.
బొల్లి మొహంది, నిలబడి.
కపిల. కపిల, కుంటిది.
ఇరవై మూడు గడులు.
అన్నిటినీ పట్టి అక్షరాల రంగు తెలుపు చేశాను.
కూడిక అక్షరాల జోలికి రాదు.
మొత్తం మారలేదు.

మర్నాడు 0073 వచ్చింది. ఆమెవి ఒంటెలు,
పేర్లతో సహా చెప్పింది.
ఆ మర్నాడు ఇంకో ముగ్గురు.

శుక్రవారం పంపాను.
సోమవారం జిల్లా నుంచి దులమ్‌సురెన్ ఫోన్:
"లెక్క సరిపోయింది గానీ,
చివరి గడికి వెళ్ళమంటే
కర్సరు ఎక్కడికో పోయి నిలబడుతోందే.
చుట్టూ అంతా తెలుపు. అక్కడేముంది?"

బొగ్గు వేస్తున్నాను, ఆగు, అన్నాను.